పదకొండో పేజీ

వేధశాల, కొండ మీద
జనవరి 6

బాబాయ్ గారికి నమస్కారం.

నేనెవరో చెప్పేముందు ఎందుకు రాస్తున్నానో చెప్పేస్తాను. ఇక్కడి టెలిస్కోప్‌ను తిప్పడానికి ఇరవై ఆరేళ్ళ క్రితం మీరు రాసిన ప్రోగ్రాము ఒక పాత కంప్యూటర్‌లో నడుస్తోంది. ఆ కంప్యూటర్ ఇప్పుడు చావుబతుకుల్లో ఉంది. ఏప్రిల్ ఇరవైన కమిటీ వస్తుంది. ఆలోగా ఈ టెలిస్కోప్ కొత్త ఖగోళ సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వినకపోతే దీన్ని విప్పి తుక్కులో వేసి, బయట తయారైన చిన్నది తెచ్చి పెడతారు. మీ ప్రోగ్రాము లోగుట్టు మీకొక్కరికే తెలుసు. అందుకే ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

నేను మేస్త్రి కూతుర్ని. ఇక్కడి వర్క్‌షాపులో లేత్ మీద పనిచేసే మీ మేస్త్రి, ఈ టెలిస్కోప్‌ను తిప్పే పెద్ద పళ్ళ చక్రాన్ని కోసిన మేస్త్రి. మీరు వెళ్ళిన రెండు నెలలకు పుట్టాను. మా ఇంట్లో బడి గుమ్మం తొక్కిన మొదటి మనిషిని నేనే. ఎనిమిది నెలల కిందట ఈ వేధశాలలోనే కంప్యూటర్ల పనికి చేరాను.

మీ చిరునామా నాన్న పనిముట్ల పెట్టెలో ఉన్న కార్డు మీద దొరికింది. నేను పుట్టినప్పుడు మీరు రాసింది. 'పాపను చదివించు' అని ఒక్కటే ముక్క. నాన్నకు చదవడం రాదు కదా. ఇంకొకరి చేత చదివించుకోకుండా ఏడేళ్ళు దాచి, నాకు అక్షరాలు వచ్చాక నా చేతికిచ్చాడు. నేను చదివిన మొదటి ఉత్తరం అదే.

మీరు రాసినటువంటి ప్రోగ్రామును డ్రైవర్ అంటారని ఇంట్లో చెబితే అమ్మ, "అయితే ఆయన బండి కూడా నడిపేవాడా?" అంది. "సోడాబుడ్డికి సైకిలే రాదు" అని నాన్న నవ్వాడు. మీ గురించి నాన్న నవ్వగా చూడటం నాకు అదే మొదలు. మామూలుగా మీ మాట వస్తే లేచి బయటికి వెళ్ళిపోతాడు.

కంప్యూటర్‌లో యంత్రానికి అర్థమయ్యే అంకెలే ఉన్నాయి. మనిషి చదవగలిగేలా మీరు రాసుకున్న మూలం లేదు. అది మీ దగ్గర ఉందా? ఉంటే దయచేసి పంపండి.

మేస్త్రి కూతురు


రేవు వీధి, మూడో అంతస్తు
జనవరి 19

అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నాలుగు రోజులు బల్ల మీదే ఉంది. మా అక్క రోజూ దాన్ని ఎత్తి, బల్ల తుడిచి, మళ్ళీ పెట్టి, "అది కరవదు, తెరువు" అంటూ వచ్చింది. నిన్న తెరిచాను.

నువ్వు అడిగింది నా దగ్గర లేదు. ఇన్నేళ్ళలో ఇళ్ళు మారాను, కాగితాలు ఎటో పోయాయి. నేనిప్పుడు చేపల గిడ్డంగిలో చల్లబరిచే యంత్రాలకు ప్రోగ్రాములు రాస్తున్నాను. ఆకాశం సంగతులు మరిచిపోయాను. మీ డైరెక్టరు గారితో చెప్పి కొత్త టెలిస్కోపే పెట్టించుకోండి. పాతదానితో ఎందుకు తంటాలు.

నువ్వు చదువుకున్నందుకు చాలా సంతోషం. ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

బాబాయ్

ఉత్తరం మూసేశాక గుర్తొచ్చింది. గుమ్మటం తలుపు తెరిచేటప్పుడు ఇప్పటికీ మూడు చోట్ల పట్టేస్తుందా? మీ నాన్న మోకాలు ఎలా ఉంది?


వేధశాల
ఫిబ్రవరి 1

బాబాయ్ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇళ్ళు మారడంలో కాగితాలు పోయాయని రాశారు. కానీ నా ఉత్తరం మీకు చేరింది ఇరవై ఐదేళ్ళ నాటి కార్డు మీదున్న చిరునామాకే కదా. తప్పుపడుతున్నానని అనుకోకండి. లెక్క కుదరకపోతే నాకు అన్నం సహించదు, అంతే.

తలుపు ఇప్పుడు రెండు చోట్లే పట్టేస్తుంది. మూడో చోట నాన్న అరగదీశాడు. ఆయన మోకాలు మాత్రం అన్నిచోట్లా పట్టేస్తుంది. మెట్టుకొక మాటతో దాన్ని తిడుతూ పైకి వస్తాడు.

ఇక పని సంగతి. పాత కంప్యూటర్‌కూ కొత్తదానికీ మధ్య తీగ కలిపి చూశాను. కొత్త సాఫ్ట్‌వేర్‌కు ఓపిక లేదు. ఫలానా నక్షత్రం వైపు తిరగమని టెలిస్కోప్‌కు చెబుతుంది. చెప్పిన క్షణం నుంచి 'ఎక్కడున్నావు, ఎక్కడున్నావు' అని సెకనుకోసారి అడుగుతూనే ఉంటుంది. మీ డ్రైవర్ కదులుతున్నంతసేపూ నోరు విప్పదు. చేరుకున్నాకే జవాబిస్తుంది. ఐదుసార్లు అడిగినా జవాబు రాకపోయేసరికి కొత్తది హడలిపోయి అంతా ఆపేస్తుంది. పాపం టెలిస్కోప్ సగం దారిలో, గోడకేసి చూస్తూ నిలబడిపోతుంది.

అందుకని రెంటి మధ్యా ఒక దుబాసీని రాస్తున్నాను. చిన్న ప్రోగ్రామే. కొత్తది అడిగినప్పుడల్లా, టెలిస్కోప్ ఈపాటికి ఎంత దూరం వచ్చి ఉంటుందో అంచనా వేసి, 'వస్తున్నాను, వస్తున్నాను' అని పాతదాని తరఫున చెబుతుంది. నాన్నకు వివరిస్తే, "మీ అమ్మలాగన్నమాట. నేను మాట్లాడకపోతే నా జవాబులన్నీ తనే చెబుతుంది" అన్నాడు.

అయితే పాత కంప్యూటర్ నిన్న రెండుసార్లు ఆగిపోయింది. అది పూర్తిగా పోకముందే మీ డ్రైవర్‌లో ఉన్నదంతా దుబాసీకి నేర్పాలి. లేకపోతే నాన్న కోసిన చక్రం తుక్కులో పోతుంది. జూన్‌లో నాన్న పని మానేస్తాడు. ఆయన చేతి పని ఈ కొండ మీద మిగిలేది అదొక్కటే. ఇంకోసారి వెతకరా?

మేస్త్రి కూతురు


రేవు వీధి
ఫిబ్రవరి 15

అమ్మడూ,

దొరికిపోయాను. "పట్టుబడ్డావుగా, ఇక ఇచ్చెయ్" అంది మా అక్క. కాగితాలు నా మంచం కిందే ఉన్నాయి. అప్పటి ప్రింటర్ కాగితం, రెండు పక్కలా చిల్లులతో ఒకటే పొడుగు. చుట్ట చుట్టి పంపుతున్నాను. నెమ్మదిగా విప్పు, మడతల దగ్గర బలహీనంగా ఉంది.

దుబాసీ ఆలోచన బాగుంది. నిజం చెప్పాలంటే అసూయగా ఉంది. అప్పటి కంట్రోలు పెట్టెకు ఒకసారికి ఒకే పని చేతనయ్యేది, కదలడమో, చెప్పడమో. కదలడమే ముఖ్యమనుకున్నాను. అడిగేవాళ్ళు ఎదురుచూస్తూ ఉంటారని నాకు తట్టలేదు.

మరిచిపోయానని రాశాను కదా, అదీ అబద్ధమే. ఇక్కడ రేవు దీపాల వెలుగుకు ఆకాశమంతా టీ రంగులో ఉంటుంది. ఎప్పుడైనా కరెంటు పోతే మేడ మీదికి పరిగెడతాను. నాలుగు మెట్లు మిగిలి ఉండగా వచ్చేస్తుంది. "నక్షత్రాల కోసం కరెంటు పోవాలని కోరుకునేవాడివి నువ్వొక్కడివే" అంటుంది అక్క.

సాయంత్రం గుమ్మటం తెరవగానే లోపలి వేడిగాలి బయటికి పోయేటప్పుడు చిన్న చప్పుడయ్యేది, ఎవరో నిట్టూర్చినట్టు. మీ నాన్నా నేనూ మెట్ల మీద కూర్చుని ఆ చప్పుడు కోసం ఆగేవాళ్ళం. ఇప్పటికీ వస్తుందా? ఈసారి జాగ్రత్తగా విని రాయి.

సోడాబుడ్డి


వేధశాల
మార్చి 1

బాబాయ్ గారికి,

వస్తుంది. నిన్న నేను కూడా మెట్ల మీద కూర్చుని విన్నాను. నిట్టూర్పు కంటే, బరువు దించుకున్న మనిషి 'హమ్మయ్య' అన్నట్టు వినిపించింది నాకు. నాన్న పక్కనే ఉన్నాడు. మీరు అడిగారని చెప్పాను. చేతిలోని గుడ్డ మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు.

దుబాసీ పనిచేస్తోంది. మొదటిసారి టెలిస్కోప్ మధ్యలో ఆగకుండా చివరిదాకా తిరిగింది. మీ కాగితాల్లో ఉన్నదంతా దుబాసీకి నేర్పి, పాత కంప్యూటర్‌ను తీసి పక్కన పెట్టేశాను. మీ అక్షరాలు చదువుతుంటే మీరే పక్కన కూర్చుని చెబుతున్నట్టుంది. 'ఇక్కడ తొందరపడకు' అని ఒకచోట, 'ఇది ఎందుకు పనిచేస్తుందో నాకూ తెలియదు' అని ఇంకోచోట రాసుకున్నారు.

ఒక్క చిక్కు. మీరు పంపిన చుట్టలో పదకొండో పేజీ లేదు. పదో పేజీ కింది అంచూ, పన్నెండో పేజీ పై అంచూ తెల్లగా, కొత్తగా చిరిగినట్టున్నాయి. తపాలాలో చిరిగిందేమో. అందులో ఉండాల్సింది చక్రానికి ఎన్ని పళ్ళున్నాయనే అంకె ఒక్కటే అని మిగతాదాన్ని బట్టి అర్థమైంది. పళ్ళు కోసిన మనిషి ఇంట్లోనే ఉండగా ఇబ్బందేముందని నాన్ననే అడిగాను. చేతులు చాలాసేపు తుడుచుకుని, "మూడువందల అరవై" అని, గ్రీజు డబ్బా కోసం వెళ్ళిపోయాడు. డబ్బా ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

మూడువందల అరవై అని వేశాను. ఇప్పుడు టెలిస్కోప్ నక్షత్రం కంటే ముందు పరిగెడుతోంది. తూర్పు అంచు నుంచి నడినెత్తికి తిప్పితే చందమామలో సగమంత దూరం దాటిపోతుంది. ఫొటోల్లో నక్షత్రాలన్నీ గీతల్లా సాగుతున్నాయి. పాత కంప్యూటర్‌తో ఇలా లేదు. తప్పు నాదే అయి ఉంటుంది. ఎక్కడో మీరు చెప్పగలరా?

మేస్త్రి కూతురు


రేవు వీధి
మార్చి 8

అమ్మడూ,

నీ తప్పు కాదు. అంకెను అలాగే ఉంచి, చివర్లో వచ్చినదాన్ని 0.99722తో హెచ్చవేయి. సరిపోతుంది. చలికి లోహం కుంచించుకుపోతుంది కదా, దానికి దిద్దుబాటు అది.

చక్రం మూత విప్పకు. దుమ్ము పడితే కష్టం. ఈ విషయమై మీ నాన్నను మళ్ళీ కదిలించకు. పదకొండో పేజీ లేకపోయినా పని జరుగుతుంది.

బాబాయ్


వేధశాల
మార్చి 16

బాబాయ్ గారికి,

మీరు చెప్పినట్టు హెచ్చవేశాను. నక్షత్రం గంటసేపు వేసిన చోటే ఉంది, మేకు కొట్టినట్టు. డైరెక్టరు గారు నా భుజం తట్టారు. నేను మాత్రం సంతోషించలేకపోయాను.

చలికి ఇత్తడి అంత కుంచించుకుపోతే చక్రం ఈపాటికి ఊడి కింద పడాలి. 0.99722ను మూడువందల అరవైతో హెచ్చవేశాను. మూడువందల యాభై తొమ్మిది వచ్చింది.

నాన్న మందుల కోసం కిందికి వెళ్ళిన మధ్యాహ్నం మూత విప్పాను. విప్పవద్దన్నారు, క్షమించండి. సుద్దముక్కతో ఒక్కో పన్నుకూ గీత పెడుతూ లెక్కపెట్టాను. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ మూడువందల యాభై తొమ్మిదే. మొదలుపెట్టిన పన్ను మరిచిపోకుండా గుర్తు పెడదామని చూస్తే, అక్కడ గ్రీజు కింద అప్పటికే ఒక గుర్తుంది. ఉలితో కొట్టిన చిన్న చుక్క. అది మీరు పెట్టిందే అయి ఉంటుంది. అంటే మీరూ ఇలాగే కూర్చుని లెక్కపెట్టారన్నమాట.

ఆఫీసులో పాత రిజిస్టరు చూశాను. మీరు వెళ్ళిన తేదీకి ఎదురుగా 'ప్రోగ్రాములో తప్పు వల్ల తొలగింపు' అని ఉంది. ప్రోగ్రాములో తప్పు లేదు బాబాయ్ గారూ. ఆ పేజీ మీరే చింపారు. నాకు నిజం చెప్పండి. చెప్పకపోతే నేను రాసిన దుబాసీలో ఒక అబద్ధం ఎప్పటికీ ఉండిపోతుంది, చలికి దిద్దుబాటు అన్న పేరుతో.

మేస్త్రి కూతురు


రేవు వీధి
మార్చి 24

తల్లీ,

అవును, చింపాను. పదకొండో పేజీ దీనితో పంపుతున్నాను.

టెలిస్కోప్ మొదలుపెట్టిన మూడు నెలలూ ఫొటోలన్నీ గీతలే వచ్చాయి. ప్రోగ్రామంతా పదిసార్లు తిరగేశాను. చివరికి కమిటీ రావడానికి ముందురోజు చక్రం పళ్ళు లెక్కపెట్టాను. మీ నాన్న ఆ చక్రం కోసిన రోజు వర్క్‌షాపు అంతా వచ్చి చూసింది. బడికి పోని మనిషి చేసిన పని అది, ఏ పన్నుకా పన్ను కవల పిల్లల్లా ఉంటాయి. ఒకటి తక్కువని ఎలా చెప్పను? ఆ చక్రం పోతే వాడి పనీ పోతుంది. మీ అమ్మకు ఏడో నెల. నాలాంటి పని ఎక్కడైనా దొరుకుతుంది, వాడికి దొరకదు. మర్నాడు కమిటీ ముందు, అంకె వేయడంలో నేనే పొరబడ్డానని చెప్పాను. దాన్ని మూడువందల యాభై తొమ్మిదిగా మార్చి, నక్షత్రం నిలబడిందని చూసుకుని కొండ దిగాను.

కమిటీ గదిలోంచి బయటికి వస్తుంటే వాడు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను ఎందుకు వెళ్ళిపోతున్నానో తెలియక అలా చూశాడు. ఆ చూపు ఇన్నేళ్ళూ నాతోనే ఉంది. కలిస్తే అడుగుతాడు. అడిగితే వాడికి అబద్ధం చెప్పలేను. అందుకే రాలేదు. రావాలని లేక కాదు. నా దగ్గర ఇప్పటికీ గుమ్మటం తాళంచెవి ఉంది. తిరిగి ఇచ్చే ధైర్యం లేక తెచ్చేసుకున్నాను.

ఇంకొకటి. ఉలి గుర్తు నాది కాదు. నేను సుద్దతోనే లెక్కపెట్టాను. నాకు ఉలి పట్టుకోవడమే రాదు.

మీ నాన్నకు చెప్పకు. జూన్‌దాకా వాడిని వాడి మూడువందల అరవైతో ఉండనీ.

బాబాయ్


వేధశాల
ఏప్రిల్ 2

బాబాయ్ గారికి,

నేను చెప్పలేదు. నాన్నే చెప్పాడు.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున వర్క్‌షాపుకు వెళ్ళేసరికి నాన్న చక్రం మూత విప్పి కూర్చున్నాడు. సుద్ద అంతా తుడిచాననుకున్నాను. ఒక పన్ను మీద మిగిలిపోయిందట.

"లెక్కపెట్టావా?" అన్నాడు.

నేను వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"ఒకటి తక్కువొచ్చిందా?"

ఆ చుక్క చూపించాను. దాని మీద బొటనవేలు పెట్టి రుద్దాడు. తర్వాత చెప్పినదంతా ఆయన మాటల్లోనే రాస్తున్నాను. రాసేటప్పుడు పక్కనే కూర్చుని, ప్రతి ముక్కా చదివించుకుని వింటున్నాడు.

"అది నేను కొట్టిందే. కమిటీ రాకముందే లెక్కపెట్టాను. పళ్ళు కోసేముందు ఇత్తడి బిళ్ళ ఇంకాస్త నున్నగా రావాలని ఇంకో చెక్కు చెక్కాను. అది అక్కర్లేని చెక్కు. చుట్టుకొలత తగ్గింది, ఒక పన్ను జారిపోయింది. మెప్పు కోసం చెక్కానమ్మా. కమిటీ ముందు చెప్పేద్దామనే తలుపు దగ్గర నిలబడ్డాను. వాడు ముందే లేచి తప్పు నాదన్నాడు. నోరు తెరిస్తే అయిపోయేది. నువ్వు కడుపులో ఉన్నావు. తెరవలేదు. వాడు నా పక్కనుంచే నడిచి వెళ్ళాడు. మొన్న నువ్వడిగినప్పుడు కూడా తెరవలేదు."

తలుపు దగ్గర మీరు చూసిన చూపు అదీ బాబాయ్ గారూ. తెలియని చూపు కాదు. మీ మాట వచ్చినప్పుడల్లా లేచి వెళ్ళిపోయేదీ అందుకే. ఆయనకు తెలుసని మీకు తెలియదు. మీకు తెలిసే కాపాడారని ఆయనకు తెలియదు. తన చక్రంతో పాటు నిజంగానే మీ అంకె కూడా తప్పిందేమో అని కొన్నాళ్ళు అనుకున్నాడట.

అప్పుడు మీ ఉత్తరం, దాని తర్వాత పదకొండో పేజీ చదివి వినిపించాను. దాంట్లో ఉన్నది ఒక్క అంకె, దాని పక్కన మీరు రాసుకున్న ముక్క. '359. మేస్త్రి చక్రం. సరిగ్గానే ఉంది, ముట్టుకోవద్దు.' నాన్న మళ్ళీ చదవమన్నాడు. నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి కళ్ళజోడు తీసి గుడ్డతో తుడిచాడు. గ్రీజు గుడ్డ అది, ఇంకా మసకబారింది.

నాకూ ఒకటి తెలిసింది. నా చదువంతా నాన్న జీతంతోనే జరిగింది, మీరు లేచి నిలబడ్డారు కాబట్టి, నాన్న నిలబడలేదు కాబట్టి. దీనికి ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియడం లేదు. మీ ఇద్దరినీ ఒకే మెట్టు మీద కూర్చోబెట్టి చూడాలని మాత్రం ఉంది.

దుబాసీలో దిద్దుబాటు తీసేశాను. 359 అనే వేశాను. పక్కన మీ ముక్కే ఉంచాను. నిన్న సాయంత్రం డైరెక్టరు గారి దగ్గరికి నాన్న తనే వెళ్ళి రిజిస్టరు తీయించాడు. మీ తేదీకి ఎదురుగా 'తప్పు ప్రోగ్రాముది కాదు, చక్రం కోసినవాడిది' అని నా చేత రాయించి, కింద వేలిముద్ర వేశాడు. "ఇన్నేళ్ళ తర్వాత ఎందుకయ్యా" అన్నారు డైరెక్టరు గారు. "ఇన్నేళ్ళయింది కనకే" అన్నాడు నాన్న.

మీకు రాయమని ఆయన చెప్పింది ఇది: "ఒరేయ్ సోడాబుడ్డీ, పాపను చదివించమన్నావు. చదివించాను. చదివిన పిల్లే పళ్ళు లెక్కపెట్టింది. ఇరవయ్యో తారీఖు సాయంత్రం గుమ్మటం తెరుస్తారు. తాళంచెవి నీ దగ్గరుందటగా, ఈ కొండ మీద ఉన్న దాని జోడీ పోయి ఎన్నేళ్ళో అయింది. మెట్టు మీద చోటుంది. నా మోకాలు అంత దూరం బస్సులో కూర్చోనివ్వదు, లేకపోతే నేనే వచ్చేవాణ్ణి."

కదిలేటప్పుడు మీరూ మీ డ్రైవర్‌లాగే జవాబు చెప్పరని నాకు అర్థమైంది. కానీ ఇక్కడ అడిగేవాళ్ళు సెకనుకోసారి అడుగుతున్నారు. రేపటి నుంచి నాన్న పొద్దున్నే తపాలా మనిషి సైకిల్ గంట వినబడక ముందే గేటు దగ్గర ఉంటాడు. అక్కయ్య గారినీ తీసుకురండి. బస్సు ఏ వేళకు దొరుకుతుందో, పెట్టెలో ఏం పెట్టుకోవాలో తర్వాత చూసుకోవచ్చు. పద్దెనిమిదో తేదీలోపు నాకు అందేలా ఒక్క కార్డు వేయండి. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. 'వస్తున్నాను' అని ఒక్క మాట చాలు. చదివి వినిపించడానికి నేనున్నాను.

మీ మేస్త్రి కూతురు